"దిస్ ఈజ్ ఎ లై" అని మెయిల్ రాస్తే ఆఫీసులో పెద్ద గొడవైంది. లై అంటే అబద్ధమే కదా?

కోనసీమ_కుర్రాడు
హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్లయింది. మా క్లయింట్లు ఇంగ్లండ్‌లో ఉంటారు. పోయిన వారం అక్కడ ఒకావిడ "ఫైలు మంగళవారమే పంపాను, పని మీవైపే ఆగింది" అని పదిహేనుమందికి మెయిల్ పెట్టింది. మాకు ఫైలు వచ్చింది బుధవారం. నా టీమ్ మీద నింద పడుతుంటే ఊరుకోలేక నేనూ అందరికీ వెళ్లేలా "దిస్ ఈజ్ ఎ లై, వుయ్ గాట్ ఇట్ ఆన్ వెన్స్‌డే" అని రాశాను. గంట తిరక్కుండానే మేనేజర్ పిలిచాడు. ఆవిడ చాలా బాధపడిందట, వాళ్ల పైవాళ్లకి చెప్పిందట, నేను క్షమాపణ రాయాలట. నేను ఆవిణ్ణి ఒక్క తిట్టూ తిట్టలేదు. అది అబద్ధం అన్నాను, అంతే. మా ఇంట్లో రోజుకి పదిసార్లు ఆ మాట అనుకుంటాం. నిఘంటువులో కూడా లై అంటే అబద్ధం అనే ఉంది. మరి నేను తప్పేం రాసినట్టు? రెండు రోజులుగా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఇందూరు_పిల్ల
మీరు తిట్టలేదు అనుకుంటున్నారు గానీ తిట్టినట్టే అన్నా. పదిహేనుమంది ముందు "నువ్వు కావాలని అబద్ధమాడుతున్నావు" అన్నారు. ఆవిడ చదివింది అదే.

కోనసీమ_కుర్రాడు
"కావాలని" అనే మాట నేనెక్కడా రాయలేదే.

పాత_మాస్టారు
రాయనక్కర్లేదు బాబూ, లై అన్న మాట కడుపులోనే అది ఉంది. నేను 32 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. పిల్లలకి పదేపదే చెప్పినా తలకెక్కనిది ఇదొకటి. చెప్పినవాడికి అది నిజం కాదని తెలిసి ఉండాలి, ఎదుటివాణ్ణి నమ్మించాలనే చెప్పి ఉండాలి. అప్పుడే అది లై. తెలియక చెప్తే లై కాదు, మిస్టేక్. సెయింట్ అగస్టీన్ 4వ శతాబ్దం చివర్లోనే ఈ మాట తేల్చాడు, తను నిజమని నమ్మిందే చెప్పినవాడు, అది తప్పని తర్వాత తేలినా అబద్ధమాడినట్టు కాదని.

మన అబద్ధం సంగతి వేరు. "వాన పడుతుందన్నారు, అబద్ధమైపోయింది" అంటాం. "ఆ వార్త అబద్ధమట" అంటాం. అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, మాట నిజం కాలేదు, అంతే. సంస్కృతంలో బద్ధం అంటే కట్టినది. అబద్ధం అంటే కట్టు లేనిది, పొంతన లేనిది. అంటే ఆ పదం పుట్టుకలో మనిషి ఉద్దేశం ఊసే లేదు, మాట పొసగడం లేదన్నదే ఉంది. మోసం అనే అర్థం తెలుగులో దానికి తోడైంది, పాతదీ పోలేదు. అందుకే మనకి ఒక్క పదం రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషులో ఆ రెండు పనులకీ రెండు పదాలు: మాట నిజం కాకపోతే ఫాల్స్, మనిషి మోసం చేస్తే లై. నువ్వు మొదటిది రాయాల్సిన చోట రెండోది రాశావు.

ఏలూరు_రోడ్డు
"అబద్ధం ఆడినా అతికినట్టుండాలి" అన్న సామెతకి ఇప్పుడు కొత్త అర్థం తెలిసింది మాస్టారూ. కట్టు లేనిదాన్ని అతికించాలన్నమాట.

సీమ_రాగిముద్ద
మాస్టారు చెప్పింది బాగుంది కానీ సగమే ఒప్పుకుంటా. తెలుగులో అబద్ధం మెత్తని మాటేం కాదు. మా నాయన ముందు కూర్చుని "నువ్వు అబద్ధాలాడుతున్నావు" అని చూడండి, చెప్పు తీస్తాడు. తేడా పదంలో కాదు, దాని పక్కన ఏ క్రియ పెట్టామన్నదాంట్లో ఉంది. "ఆ మాట అబద్ధం" అంటే మాట గురించి. "అబద్ధం ఆడావు" అంటే మనిషి గురించి. ఆడడం వచ్చిందంటే కావాలని చేసినట్టే. పొరపాటున ఎవరూ అబద్ధం "ఆడరు" కదా?

పాత_మాస్టారు
ఇది నేను ఆలోచించలేదు. నువ్వే రైటు. ఆ మాటకొస్తే బొంకు అన్న పదానికి మెత్తని అర్థమే లేదు. వాన బొంకు అని ఎవరూ అనరు, మనిషే బొంకుతాడు. ఇంగ్లీషు లైకి అబద్ధం కన్నా బొంకే దగ్గర. నిఘంటువుల్లో అబద్ధం పక్కన ఫాల్స్ అనీ, బొంకు పక్కన లై అనీ వేస్తే పిల్లలకి ఎంత మేలో.

గుంటూరు_మిర్చి
ఈ కాలంలో బొంకు అంటే ఎవడికి తెలుసు సార్. మా పిల్లలకి "బ్లఫ్" తెలుసు. మమ్మీ వీడు బ్లఫ్ చేస్తున్నాడు అంటారు.

ఏలూరు_రోడ్డు
బ్లఫ్ కూడా సరిగ్గా అబద్ధం కాదు. పేకాటలో చేతిలో ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచి ఎదుటివాణ్ణి బెదరగొట్టడం అది. లేనిది ఉన్నట్టు దబాయించడం. మనవాళ్లు దాన్ని మామూలు అబద్ధానికి వాడేశారు, ఇండియాలో అందరికీ అర్థమవుతుంది కాబట్టి నడుస్తోంది. ఇంకోటి, "సే ఎ లై" అనకూడదు, "టెల్ ఎ లై" అనాలి. మనకి అబద్ధం చెప్పడం, నిజం చెప్పడం, మాట చెప్పడం అన్నిటికీ చెప్పడమే కాబట్టి ఆ పొరపాటు దొర్లుతుంది. అసలు మామూలు మాటల్లో వాళ్లు "హి ఈజ్ లైయింగ్" అనేసి ఊరుకుంటారు.

నర్సమ్మ_యూకే
నేను ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను, అక్కడి సంగతి చెప్తా. లయర్ అన్న మాట నేను వార్డులో ఈ ఎనిమిదేళ్లలో రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ సెక్యూరిటీని పిలవాల్సి వచ్చింది. అంత బరువైన మాట అది. డాక్టరు రాసిన డోసు తప్పు అని నాకు నూటికి నూరు పాళ్లు తెలిసినా "ఐ డోంట్ థింక్ దట్స్ క్వైట్ రైట్" అంటాను. మంచి డాక్టరైతే వెంటనే ఆగి చూస్తారు. రికార్డుల్లో పొంతన లేకపోతే "దేర్ సీమ్స్ టు బి ఎ మిక్సప్" అంటారు. తప్పు ఎవరిదో తేలేదాకా మనిషి మీద పెట్టరు, కాగితం మీద పెడతారు. కుర్రాడు గారు "ఇట్ రీచ్డ్ అజ్ ఆన్ వెన్స్‌డే" అని ఆపేస్తే చాలు, మిగతాది వాళ్లే వెతుక్కునేవాళ్లు.

ఇంకో సంగతి, లైయింగ్ అంటే పడుకుని ఉండడం కూడా కదా. మా వార్డులో ఒక పెద్దాయన పొద్దున్నే "ఐ హావ్ బీన్ లైయింగ్ హియర్ ఆల్ నైట్, అండ్ టెల్లింగ్ ద ట్రూత్ ద హోల్ టైమ్" అని రోజూ అనేవాడు. డిశ్చార్జి అయ్యేరోజు కూడా అదే జోకు.

తెనాలి_టీ_కొట్టు
అవును ఈ పడుకోవడం గోల ఒకటి ఉంది కదా. లై, లే, లెయిడ్... డిగ్రీ అయిపోయింది గానీ ఇది మాత్రం తేలలేదు.

పాత_మాస్టారు
మూడు క్రియలు, నిదానంగా చదువు. అబద్ధమాడడం: లై, లైడ్, లైడ్. పడుకోవడం: లై, లే, లెయిన్. దేన్నైనా పెట్టడం, పరచడం: లే, లెయిడ్, లెయిడ్. చిక్కంతా నడిమిదాంతోనే, దాని భూతకాలమూ మూడోదాని వర్తమానమూ ఒకటే అయ్యాయి. ఇంగ్లీషువాళ్లే "లేయింగ్ ఆన్ ద బెడ్" అని తప్పు మాట్లాడతారు, కాబట్టి నువ్వు దిగులుపడకు. అబద్ధం లై, పడుకునే లై ఒకే పదం కాదు, పాత ఇంగ్లీషులో వేర్వేరు పదాలు, పలుకుబడి అరిగి అరిగి ఒకటయ్యాయి. దాని చుట్టం జర్మన్‌లో ఇప్పటికీ విడిగానే ఉన్నాయి, ల్యూగెన్ అంటే అబద్ధమాడడం, లీగెన్ అంటే పడుకుని ఉండడం.

కోర్టు_గుమాస్తా
మాస్టారు చెప్పిన తేడా చట్టంలో అచ్చంగా ఉంది. కోర్టులో సాక్షి చెప్పింది తప్పని తేలినంత మాత్రాన నేరం కాదు. అది తప్పని అతనికి తెలిసి ఉండాలి, లేదా తప్పని నమ్ముతూనో నిజమని నమ్మకుండానో చెప్పి ఉండాలి. పాత ఐపీసీ 191లో ఇదే ఉండేది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 227వ సెక్షన్. శిక్ష 229లో ఉంది, కోర్టు విచారణలో అయితే ఏడేళ్ల దాకా. నా సర్వీసులో చూసినదాంట్లో చాలామంది సాక్షులు అబద్ధమాడరు, మరిచిపోతారు. సంఘటన జరిగిన ఆరేళ్లకి పిలిచి చొక్కా రంగు అడిగితే ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. రోజూ నా చేత్తో టైపు చేసే వాక్యం, "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం సరికాదు". ప్రతి సాక్షి వాంగ్మూలం చివర ఉంటుంది. డిఫెన్సు లాయరు అడగాలి, సాక్షి కాదనాలి. కొందరు పెద్దవాళ్లు అది లాంఛనం అని తెలియక ఏడ్చేస్తారు, "నన్ను అబద్ధాలకోరు అంటారా బాబూ" అని. కాబట్టి ఆ ఇంగ్లండ్ ఆవిడ బాధపడిందంటే నాకు ఆశ్చర్యం లేదు, తెలుగు పెద్దవాళ్లూ పడతారు.

సీమ_రాగిముద్ద
చివరి మాట నాకు బలం ఇచ్చింది గుమాస్తా గారూ, నేను చెప్పిందీ అదే.

అల_విశాఖ
పార్లమెంటులో అయితే ఇంకా కథ. బ్రిటన్ కామన్స్ సభలో తోటి సభ్యుణ్ణి లయర్ అంటే స్పీకరు వెనక్కి తీసుకోమంటాడు, తీసుకోకపోతే బయటికి పంపుతాడు. అందుకే అక్కడ చుట్టుతిప్పుడు మాటలు పుట్టాయి. 1906లో చర్చిల్, దక్షిణాఫ్రికాలో చైనా కూలీల ఒప్పందాన్ని బానిసత్వం అనాలంటే "టెర్మినలాజికల్ ఇన్‌ఎగ్జాక్టిట్యూడ్" ప్రమాదం ఉందన్నాడు. ఆయన అన్నది పదం సరిగ్గా అతకదని. జనం మాత్రం దాన్ని అబద్ధానికి మర్యాదపేరు చేసేశారు. 1986లో ఒక పెద్ద అధికారి ఆస్ట్రేలియా కోర్టులో "ఎకనామికల్ విత్ ద ట్రూత్" అన్నాడు, నిజాన్ని పొదుపుగా వాడడం అన్నమాట. మన దగ్గరా 2022లో లోక్‌సభ సచివాలయం వేసిన పుస్తకంలో, సభకి తగనివంటూ రికార్డుల నుంచి తీసేసిన మాటల్లో "లై", "అన్‌ట్రూ", "అసత్య" కూడా ఉన్నాయని పెద్ద చర్చ జరిగింది. ఏ పదాన్నీ నిషేధించలేదని స్పీకరు వివరణ ఇచ్చారు.

గుంటూరు_మిర్చి
ఇంత సీరియస్ ఎందుకు అందరూ. మనది వంద అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్న జాతి. శుక్రాచార్యుడంతటివాడు బలి చక్రవర్తికి చెప్పలేదా, ఆడవాళ్ల దగ్గర, పెళ్లిళ్లలో, ప్రాణం పోయేటప్పుడు బొంకవచ్చు, పాపం లేదని. ఇంగ్లీషువాడి వైట్ లై అంటే ఇదే.

ఇందూరు_పిల్ల
మిర్చి గారూ, దయచేసి ఆ సామెత నా దగ్గర తేవద్దు. మా అక్క పెళ్లికి అబ్బాయికి పర్మినెంట్ ఉద్యోగం అన్నారు. పెళ్లయిన నాలుగో నెలలో తెలిసింది కాంట్రాక్టు కూడా అయిపోయి ఏడాదైందని. రోజూ పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి పోయి సాయంత్రం వచ్చేవాడు. మధ్యవర్తిని అడిగితే ఆయన నవ్వుతూ ఇదే సామెత చెప్పాడు. మా అమ్మ ఆ రోజు నుంచి ఎవరి పెళ్లి సంబంధంలోనూ నోరు విప్పదు. అక్క ఇప్పుడు బాగానే ఉంది, సొంతంగా టైలరింగ్ నడుపుతోంది, కానీ ఆ నాలుగు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

వైట్ లై అది కాదు. కూర ఉప్పగా ఉన్నా వదినతో బాగుందనడం వైట్ లై. దాంతో ఎవరి బతుకూ మారదు, చెప్పినవాళ్లకి లాభం లేదు, విన్నవాళ్ల మనసు నొప్పించకూడదనే చెప్తాం. అబ్బాయి ఉద్యోగం గురించి చెప్పింది లై, పక్కన తెలుపూ నలుపూ ఏమీ అక్కర్లేదు.

గుంటూరు_మిర్చి
తప్పయిపోయింది చెల్లెమ్మా. నీ బాధ తెలియక అన్నాను. మీ అక్కకి మంచి జరగాలి.

అల_విశాఖ
పైగా శుక్రాచార్యుడి మాట బలి వినలేదు కదా. ఇచ్చిన మాటే నిలబెట్టుకున్నాడు. మనం గురువు చెప్పిన వెసులుబాటే గుర్తుంచుకుని శిష్యుడు చేసింది మరిచిపోయాం.

డల్లాస్_బాబాయ్
కావాలని చెప్పడమా, పొరపాటా అన్న తేడా మీద జీవితాలు ఆధారపడే చోటు ఇంకోటి ఉంది, అమెరికా వీసా ఫారం. ఇక్కడి చట్టంలో ముఖ్యమైన విషయాన్ని తెలిసి తప్పుగా చెప్తే ఇక జన్మలో రానివ్వరు, మాఫీ కోసం విడిగా అర్జీ పెట్టుకుని వాళ్లు ఒప్పుకుంటే తప్ప. తెలియక జరిగిందైతే ఆ సెక్షన్ కిందికి రాదు, కానీ తెలియదని నమ్మించడం నీ పనే. మా మేనల్లుడి ఫారం ఏజెంటు నింపాడు. "ఇంతకుముందు వీసా తిరస్కరించారా" అన్నచోట నో అని కొట్టేశాడు, వీడికి అంతకు రెండేళ్ల ముందే ఒకసారి తిరస్కరించారు. ఫారం కింద సంతకం బాధ్యత ఏజెంటుది కాదు, వీడిదే. ఇంటర్వ్యూకి ముందురోజు రాత్రి చూసుకుని నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. కిటికీ దగ్గరికి వెళ్లగానే ఆఫీసరు అడగకముందే నువ్వే చెప్పెయ్ అన్నాను. చెప్పాడు. ఆవిడ ఫారం సరిచేసుకుని మళ్లీ రమ్మంది. ఏజెంట్లు నింపిన ప్రతి గడీ మీరే చదువుకోండి, అది ఏజెంటు తప్పైనా మీ లై అవుతుంది.

తెనాలి_టీ_కొట్టు
మరి లై డిటెక్టర్ పెడితే పోలే, కావాలని చెప్పిందీ లేనిదీ తెలిసిపోతుంది.

కోర్టు_గుమాస్తా
అది పేరుకే లై డిటెక్టర్. అది చూసేది బీపీ, నాడి, ఊపిరి, చెమట. భయస్తుడైన నిజాయితీపరుడికి కూడా అవన్నీ పెరుగుతాయి. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చేయకూడదని తీర్పు ఇచ్చింది.

రాత్రి_డ్యూటీ
అందరూ పదం గురించే మాట్లాడుతున్నారు, నాకు వేరే అనుమానం. కుర్రాడు గారూ, బుధవారం అన్నారు, మెయిల్ మీద టైము ఎంత ఉంది?

కోనసీమ_కుర్రాడు
పొద్దున ఆఫీసుకెళ్లి చూశాను. ఆగండి, ఇప్పుడు చూస్తా... బుధవారం 1:40, తెల్లవారుజాము.

రాత్రి_డ్యూటీ
నేను యూకే సపోర్ట్‌లో నాలుగేళ్లు రాత్రి షిఫ్ట్ చేశాను. ఎండాకాలంలో వాళ్లు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. మనకి బుధవారం 1:40 అంటే వాళ్లకి మంగళవారం రాత్రి 9:10. ఆవిడ మంగళవారమే పంపింది.

ఏలూరు_రోడ్డు
అయ్యో.

సీమ_రాగిముద్ద
అంటే లై కాదు, మిస్టేక్ కాదు, అసలు ఫాల్స్ కూడా కాదు. మాస్టారి లెక్క ప్రకారం చూసినా ఏ డబ్బాలోనూ పడదు.

కోనసీమ_కుర్రాడు
ఇది చదివాక పది నిమిషాలు కుర్చీలోంచి లేవలేకపోయాను. రాత్రి తొమ్మిది దాకా కూర్చుని పని పూర్తి చేసి పంపిన మనిషిని నేను పదిహేనుమంది ముందు అలా అన్నాను. మాకు ఆలస్యమైంది కూడా నిజమే, మేం చూసింది పొద్దున పదిన్నరకి. మేనేజర్ చెప్పాడని కాదు, నాకే రాయాలనుంది. ఎలా రాయాలో చెప్పండి. "సారీ ఇఫ్ యు ఫెల్ట్ బ్యాడ్" అని మొదలుపెట్టాను.

నర్సమ్మ_యూకే
ఆ "ఇఫ్" తీసెయ్యండి తమ్ముడూ. ఇఫ్ పెడితే బాధపడడం ఆవిడ తప్పన్నట్టు ఉంటుంది. రెండు విషయాలు విడివిడిగా ఒప్పుకోండి. ఒకటి, తేదీ నేనే తప్పుగా చూశాను, మీరు చెప్పిందే నిజం. రెండు, తేదీ సంగతి ఎలా ఉన్నా ఆ పదం నేను వాడకూడదు. రెండోది ముఖ్యం, ఎందుకంటే తేదీ మీరే కరెక్టయినా ఆ మాట తప్పే అయ్యేది. తెలుగులో ఇలా అని అనువాదాల కథ చెప్పకండి, అది సాకులా వినిపిస్తుంది.

పాత_మాస్టారు
ఇంకో మాట. నింద పదిహేనుమందికి వెళ్లింది కాబట్టి క్షమాపణ కూడా ఆ పదిహేనుమందికే వెళ్లాలి. ఒక్క ఆవిడకి రాసి ఊరుకోకు.

ఇందూరు_పిల్ల
మాస్టారు చెప్పింది తప్పకుండా చేయండి అన్నా. మా అక్క విషయంలో ఆ మధ్యవర్తి తర్వాత మా ఇంటికొచ్చి ఒంటరిగా మా నాన్నకి చెప్పి పోయాడు. ఊళ్లో మాత్రం ఎవరికీ తెలియదు.

కోనసీమ_కుర్రాడు
రాశాను, అందరికీ. నాలుగే వాక్యాలు. తేదీ నేను తప్పు చూశాను, మీరు మంగళవారమే పంపారు, ఆ మాట వాడడం నా తప్పు, మీ పేరు పాడుచేసేలా మాట్లాడినందుకు క్షమించండి. పావుగంటలో ఆవిడ జవాబు ఇచ్చింది, అందరికీ వెళ్లేలాగే. థాంక్యూ అని, ఇక నుంచి ఇద్దరం తేదీ పక్కన ఎవరి టైమో కూడా రాద్దాం అని. కింద ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఇవాళ నిద్ర పడుతుంది. రాత్రి_డ్యూటీ గారూ, మీరు ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే నేను ఇప్పటికీ నాదే నిజం అనుకుంటూ ఉండేవాణ్ణి.

రాత్రి_డ్యూటీ
మంచిది. అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది, తేడా ఐదున్నర గంటలవుతుంది. అప్పుడు వాళ్లు సాయంత్రం ఆరున్నర దాటాక పంపినవన్నీ మీకు మర్నాటి తేదీతోనే కనిపిస్తాయి. టీమ్‌లో అందరికీ చెప్పి ఉంచండి.